పెరిగిన విద్యార్థులు, భర్తీ కాని పోస్టులు: ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాల్లో నాణ్యత ప్రశ్న

విశ్వవిద్యాలయాల్లో ప్రమాణాలు పడిపోతున్నాయన్న మాట వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఇంకో మాట వస్తుంది: “అందరికీ సీట్లిచ్చారు, అందరికీ ఫీజులు కట్టారు, ఇక చదువేం నిలుస్తుంది?” శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ‘అందరూ’ ఎవరో విడమరిచి చెప్పనక్కర్లేదు. మాల, మాదిగ, రెల్లి, పైడి పేటల నుంచి, సవర, జాతాపు గూడేల నుంచి, బీసీ వాడల నుంచి ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టెక్కిన పిల్లలే ఆ ‘అందరూ’. వాళ్లు రావడం వల్లే చదువు పలచబడిందనేది ఆ మాటలోని అసలు ఆరోపణ.

ఈ ఆరోపణను అంకెలతో, చట్టాలతో, ఇక్కడి సంస్థల చరిత్రతో పరిశీలిస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. విద్యార్థులు పెరిగారు. వాళ్లతో పాటు పెరగాల్సిన శాశ్వత అధ్యాపకులు, హాస్టళ్లు, లైబ్రరీలు, వంతెన కోర్సులు పెరగలేదు. శాశ్వత పోస్టు లేనిచోట నాణ్యత ఉండదు, రిజర్వేషనూ ఉండదు. అందుకే నాణ్యత, ప్రాతినిధ్యం రెండూ ఒకే డిమాండ్.

ఇక్కడ విశ్వవిద్యాలయం ఎప్పుడు వచ్చింది

ఉత్తరాంధ్రలో ఆధునిక ఉన్నత విద్యకు పాత చిరునామా విజయనగరం మహారాజా కాలేజీ. 1857లో పాఠశాలగా మొదలై 1879లో కాలేజీ అయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ ప్రాంతపు పిల్లలకు పీజీ అంటే విశాఖపట్నమే. శ్రీకాకుళం వైపు చూస్తే, ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్ 1977లో వచ్చింది. అదే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది.

ఆ తర్వాత పదిహేనేళ్లలో సంస్థలు వరసగా వచ్చాయి. విజయనగరంలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2007లో మొదలై, 2022లో జేఎన్‌టీయూ–గురజాడ విశ్వవిద్యాలయంగా విడిపోయింది. శ్రీకాకుళానికి ట్రిపుల్ ఐటీ 2016లో మంజూరైంది. తొలి బ్యాచ్‌లకు పాఠాలు మాత్రం నూజివీడులోనే జరిగాయి. రాష్ట్ర విభజన చట్టం 2014లో హామీ ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటు చట్టం 2019లో వచ్చింది. విజయనగరం దగ్గర కొండకరకంలోని తాత్కాలిక క్యాంపస్‌లో తరగతులు మొదలయ్యాయి. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శాశ్వత క్యాంపస్‌కు శంకుస్థాపన జరిగింది 2023 ఆగస్టు 25న. హామీకి, పునాదిరాయికి మధ్య తొమ్మిదేళ్లు.

ఈ వరసలో ఒక పద్ధతి ఉంది. ముందు పేరు వస్తుంది, తర్వాత విద్యార్థులు వస్తారు, ఆ తర్వాత ఎప్పటికో భవనం వస్తుంది. అధ్యాపకుడు అన్నిటికన్నా చివర వస్తాడు, ఒక్కోసారి రానే రాడు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అనగానే ఎచ్చెర్ల క్యాంపస్ గుర్తొస్తుంది. కానీ దాని పేరుతో డిగ్రీ పట్టా తీసుకునే విద్యార్థుల్లో ఎక్కువమంది అనుబంధ కాలేజీల్లో చదివేవాళ్లే. సిలబస్ ఇవ్వడం, పరీక్ష పెట్టడం, పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయం పని. పాఠం చెప్పడం పాలకొండలోనో, టెక్కలిలోనో, సోంపేటలోనో ఉన్న కాలేజీ పని. విజయనగరం జిల్లా కాలేజీలకూ ఆంధ్రా యూనివర్సిటీకీ ఉన్న సంబంధం కూడా ఇలాంటిదే. నాణ్యత గురించి క్యాంపస్‌ను మాత్రమే చూసి మాట్లాడితే ఎక్కువమంది విద్యార్థులు లెక్కలోకే రారు.

అంకెలు చెప్పేది

2011 జనగణన ప్రకారం విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నాటి 13 జిల్లాల్లో అన్నిటికన్నా తక్కువ. శ్రీకాకుళం 61.74 శాతం. ఎస్సీలు శ్రీకాకుళంలో సుమారు 9.5 శాతం, విజయనగరంలో 10.6 శాతం. విజయనగరం జనాభాలో ఎస్టీలు కూడా పది శాతానికి పైనే. ఇది పార్వతీపురం మన్యం జిల్లా 2022లో విడిపోకముందు లెక్క. ఇలాంటి జిల్లాల్లో కాలేజీ విద్యార్థుల సంఖ్య పెరిగిందంటే, చదువుకున్న ఇళ్ల పిల్లలు ఇంకాస్త ఎక్కువ చదివారని మాత్రమే కాదు. బడి ముఖం చూడని తల్లిదండ్రుల పిల్లలు డిగ్రీలో చేరారని అర్థం.

దేశం మొత్తానికి కేంద్ర విద్యాశాఖ ఏటా వేసే ఉన్నత విద్య సర్వే చూస్తే, 2014–15లో ఎస్సీ విద్యార్థులు సుమారు 46 లక్షలు. 2021–22 నాటికి 66 లక్షలు. ఎస్టీలు 16 లక్షల నుంచి 27 లక్షలయ్యారు. అంటే మొత్తం 4.33 కోట్ల మంది విద్యార్థుల్లో ఎస్సీలు 15 శాతానికి కాస్త పైన. మరి పాఠం చెప్పేవాళ్లలో? సుమారు 9 శాతం. ఎస్టీ విద్యార్థులు ఆరు శాతం పైన ఉంటే, ఎస్టీ అధ్యాపకులు రెండున్నర శాతం దగ్గరే ఉన్నారు. బెంచీల మీద వచ్చిన మార్పు బల్లకు ఆవలి వైపు రాలేదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్టిన్ ట్రో 1973లో ఉన్నత విద్యను మూడు దశలుగా విడదీశాడు. ఆ వయసువాళ్లలో 15 శాతం లోపు చేరితే అది కొద్దిమంది చదువు. 15 నుంచి 50 శాతం దాకా బహుజనుల చదువు. 50 దాటితే సార్వత్రిక చదువు. 2021–22లో మన దేశ నిష్పత్తి 28.4 శాతం, ఎస్సీల్లో 25.9, ఎస్టీల్లో 21.2. అంటే రెండో దశలో ఉన్నాం. ట్రో చెప్పిన ముఖ్యమైన సంగతేమిటంటే, దశ మారితే విద్యార్థుల సంఖ్య ఒక్కటే మారదు. పాఠం చెప్పే తీరు, పరీక్ష, పాలన, ప్రమాణం అనే మాటకు అర్థం కూడా మారాల్సి వస్తుంది. మనం రెండో దశ విద్యార్థులను చేర్చుకుని, మొదటి దశ పద్ధతుల్లోనే నడుపుతున్నాం. ఇంట్లో ఇంగ్లీషు, చేతిలో పుస్తకం, పక్కన ట్యూషన్ ఉన్న విద్యార్థిని ఊహించుకుని తయారైన తరగతి అది.

‘మెరిట్’ భయం పాతదే

2006లో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ తెచ్చినప్పుడు వీధుల్లోకి వచ్చిన నినాదం ‘మెరిట్’. అప్పుడు వీరప్ప మొయిలీ అధ్యక్షతన వేసిన పర్యవేక్షక కమిటీ సీట్లను పెంచే దారి చూపింది. జనరల్ సీట్లు తగ్గకుండా మొత్తం సీట్లు 54 శాతం మేర పెంచాలన్న లెక్క అలా వచ్చింది. సీట్లు పెరిగినంత వేగంగా పోస్టులు నిండలేదు. తర్వాత తరగతులు కిక్కిరిస్తే వేలు మళ్లీ రిజర్వేషన్ వైపే చూపించింది.

రిజర్వేషన్ వల్ల పని నాణ్యత తగ్గుతుందా అన్న దానిపై జాగ్రత్తగా చేసిన పరిశోధన ఉంది. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ భారతీయ రైల్వేల సమాచారం తీసుకుని, ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల వాటాకూ ఉత్పాదకతకూ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టారు. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఉత్పాదకత తగ్గినట్టు ఎక్కడా తేలలేదు. పై స్థాయి ఉద్యోగాల్లో కొన్నిచోట్ల అనుకూల ప్రభావమే కనిపించింది.

అంబేద్కర్ ఈ చర్చను అంతకు చాలా ముందే చేశారు. 1927లో బొంబాయి శాసనమండలిలో విశ్వవిద్యాలయ బిల్లు మీద మాట్లాడుతూ, తెలివి ఉండి కూడా డబ్బు లేకో, మరో అడ్డంకి వల్లో చదువుకోలేని వారికి చదువు అందించే యంత్రాంగమే విశ్వవిద్యాలయం అని వాదించారు. అదే దశాబ్దంలో బొంబాయి విశ్వవిద్యాలయ సంస్కరణల కమిటీకి ఇచ్చిన వాంగ్మూలంలో, విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయంగా మిగిలిపోకూడదని, బోధననూ పరిశోధననూ విడదీయకూడదని చెప్పారు. ఆ రెండు మాటలూ ఒకే మనిషివి. చదువు అందరికీ అందాలన్నవాడే చదువు గట్టిగా ఉండాలన్నాడు. ఆయన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉన్న జిల్లాలో ఈ రెంటినీ విడదీసి మాట్లాడటం తగదు.

ఖాళీ పోస్టు చేసే నష్టం

యూజీసీ 2018 నిబంధనలు ఒక హద్దు గీశాయి. తప్పనిసరి అయితేనే కాంట్రాక్టు అధ్యాపకులను తీసుకోవాలి. వాళ్లు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం మించకూడదు. జీతం అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదు. 2019లో గెస్ట్ అధ్యాపకులకు లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 దాకా ఇవ్వవచ్చని మార్గదర్శకాలు వచ్చాయి. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఆ పది శాతం హద్దును ఎత్తేసింది. రోగం ముదిరిందని థర్మామీటర్ పారేసినట్టుంది ఈ పని.

రాష్ట్రంలో ఖాళీలు ఎంతున్నాయో ప్రభుత్వ నోటిఫికేషనే చెప్పింది. 2023 అక్టోబరు చివర 18 విశ్వవిద్యాలయాలకు కలిపి 3,220 పోస్టులు ప్రకటించారు. ప్రొఫెసర్లు 418, అసోసియేట్ ప్రొఫెసర్లు 801, అసిస్టెంట్ ప్రొఫెసర్లు 2,001. రోస్టర్ మీద, పోస్టుల హేతుబద్ధీకరణ మీద వివాదాలు కోర్టుకెక్కాయి, నియామకాలు ఆగిపోయాయి. అంతకు ముందు 2018లో స్క్రీనింగ్ పరీక్ష దాకా వచ్చిన ప్రయత్నం కూడా ఇలాగే కోర్టుల్లో చిక్కుకుంది. ఈలోగా నెట్, పీహెచ్‌డీ ఉన్న ఒక తరం గెస్ట్ లెక్చరర్లుగా నలభయ్యో ఏడుకు చేరింది.

ఖాళీ పోస్టు వల్ల పాఠాలే కాదు, పరిశోధన కూడా ఆగుతుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పూర్తికాలపు రెగ్యులర్ అధ్యాపకులే గైడ్‌గా ఉండాలి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు పరిశోధకులు మించకూడదు. ఒక విభాగంలో ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లే మిగిలారనుకుందాం. ఒకసారికి ఎనిమిది సీట్లు. ఒక్కో పరిశోధకుడు అయిదేళ్లు తీసుకుంటే, ఏటా ఖాళీ అయ్యేది ఒకటో రెండో. 15 శాతం లెక్కన ఒక ఎస్సీ సీటు రావాలంటే దాదాపు ఏడు సీట్లు ఖాళీ కావాలి. అంటే నాలుగేళ్లకు ఒక దళిత పరిశోధకుడు. అతను పట్టా పుచ్చుకునేసరికి మరో అయిదేళ్లు. ఆ తర్వాత ఎవరో “అర్హులైన ఎస్సీ అభ్యర్థులు దొరకడం లేదు” అని ఫైల్లో రాస్తారు. దొరకకపోవడానికి కారణం ఆ ఫైల్లోనే, భర్తీ చేయని పోస్టుల పేజీలో ఉంటుంది.

రోస్టర్: ఏది యూనిట్ అన్నదే అసలు లెక్క

2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత, 2018 మార్చిలో యూజీసీ అధ్యాపక రిజర్వేషన్‌కు విశ్వవిద్యాలయాన్ని కాక విభాగాన్ని యూనిట్‌గా తీసుకోమంది. 13 పాయింట్ల రోస్టర్ అంటే అదే. అందులో ఓబీసీకి నాలుగో పోస్టు, ఎస్సీకి ఏడో పోస్టు, ఎస్టీకి పద్నాలుగో పోస్టు. ఇరవై విభాగాల్లో నాలుగేసి పోస్టులున్న విశ్వవిద్యాలయాన్ని తీసుకోండి. మొత్తం 80 పోస్టులు. విశ్వవిద్యాలయం యూనిట్ అయితే కేంద్ర నిష్పత్తి ప్రకారం ఎస్సీలకు 12, ఎస్టీలకు 6 వస్తాయి. విభాగం యూనిట్ అయితే రెండూ సున్నా. దేశమంతా నిరసనలు వచ్చాక, పార్లమెంటు 2019లో చట్టం చేసి విశ్వవిద్యాలయాన్నే మళ్లీ యూనిట్‌గా నిలబెట్టింది. కేంద్ర సంస్థ గనుక గిరిజన విశ్వవిద్యాలయానికి ఈ చట్టం నేరుగా వర్తిస్తుంది.

రాష్ట్రంలో 2025 ఎస్సీ వర్గీకరణ తర్వాత ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది. 15 శాతంలో రెల్లి, ఉపకులాల గ్రూపుకు 1 శాతం, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5. ఉత్తరాంధ్ర పట్టణాల్లో వీధులు శుభ్రం చేసే పని తరతరాలుగా రెల్లి కులస్తుల మీద పడింది. వాళ్లలో ఒకరు అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే రోస్టర్‌లో నూరు పోస్టులకు ఒకటి. పోస్టులు పదో పరకో విడివిడిగా నింపితే ఆ ఒక్కటి తరం గడిచినా రాదు. రోస్టరూ, సరైన నోటిఫికేషనూ లేకుండా గెస్ట్‌లతో నింపితే అసలు లెక్కే మొదలుకాదు.

సీటుకు డబ్బు వచ్చింది, చదువుకు రాలేదు

2008–09 నుంచి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ మన పేటల్ని మార్చింది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు భూమి లేని కుటుంబానికి డిగ్రీ అంటే ఏమిటో తెలియనివాళ్లు. వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస ప్రాజెక్టు భూమి సాగు చేసుకునే హక్కు కోసం 2012 జూన్ 12న అయిదుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. భూమి అడిగితే ఇంత మూల్యం కట్టాల్సిన చోట చదువే దొరకగల ఆస్తి.

అయితే ఆ పథకం నిర్మాణంలో ఒక లోపముంది. డబ్బు విద్యార్థి తలకు లెక్కగట్టి వస్తుంది. ఆ తల కాలేజీ రిజిస్టర్‌లో ఉంటే చాలు. పాఠం జరిగిందా, లెక్చరర్ ఉన్నాడా, ల్యాబ్ తెరిచారా అన్నదానికీ ఆ చెల్లింపుకూ ముడి బలహీనం. చెల్లింపు ఆలస్యమైతే దెబ్బ కాలేజీ దాటి విద్యార్థి మీద పడుతుంది. ఫీజు కట్టమని ఒత్తిడి, హాల్ టికెట్ ఇవ్వకపోవడం, చదువైపోయాక సర్టిఫికెట్లు పట్టుకోవడం.

2020 ఫిబ్రవరి 24న విజయనగరంలోనే మొదలైన వసతి దీవెన పథకం డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు ప్రకటించింది. పది నెలలకు పంచితే నెలకు రెండు వేలు. అంటే గదికీ, మూడు పూటల తిండికీ కలిపి రోజుకు 66 రూపాయలు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. ఊరికి దగ్గర్లో ప్రభుత్వ పీజీ సీటు దొరకని విద్యార్థికి డిగ్రీతోనే దారి మూసుకుపోయింది. 2021లో ఎయిడెడ్ కాలేజీలు ఎయిడ్ వదులుకునేలా విధానం తెచ్చి, వాటి అధ్యాపకులను ప్రభుత్వ కాలేజీలకు పంపడం మొదలుపెట్టారు. నిరసనల తర్వాత ఇష్టముంటేనే అన్నారు. తక్కువ ఫీజుకు పాత లెక్చరర్ల దగ్గర చదువుకునే చోట్లు పట్టణాల్లో ఉన్నవే కొన్ని. అవీ ఊగిసలాడాయి.

ఇంజనీరింగ్‌లో హద్దులే మారాయి. ఏఐసీటీఈ 2018లో 15 మందికి ఒక అధ్యాపకుడన్న నిష్పత్తిని 20 మందికి ఒకరుగా సడలించింది. 2024 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. పెద్ద నగరాల కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంటూ పోతే, చిన్న పట్టణాల కాలేజీల్లో విభాగాలు ఖాళీ అవుతాయి. దూరం వెళ్లలేని వాళ్లకు, అందులోనూ ఆడపిల్లలకు, మిగిలేది ఆ ఖాళీ విభాగాలే.

భాష కూడా ఒక గేటు

ప్రమాణాల పేరుతో భాషను గేటుగా వాడటం ఈ నేలకు కొత్త కాదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్ తెలుగు వ్యాసరచనకు ఏ తెలుగు ఉండాలన్న చర్చ జరిగింది. విజయనగరం మహారాజా కాలేజీలో చదివి, అక్కడే పాఠం చెప్పిన గురజాడ అప్పారావు వాడుక భాష పక్షాన అసమ్మతి పత్రం రాశారు. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి అదే పోరాటం చేశారు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలో పాఠాలు తయారుచేశారు. వాడుక భాషను రానిస్తే ప్రమాణాలు చెడతాయని అవతలి పక్షం అంది. అప్పటికి గ్రాంథికమే గెలిచింది. తర్వాత చరిత్ర ఎవరి పక్షాన నిలిచిందో మనం రాసే ఈ తెలుగే సాక్ష్యం.

2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే అన్నారు. అంతకు ముందు ఏడాది డిగ్రీలో చేరినవాళ్లలో నాలుగింట ఒక వంతు తెలుగు మీడియం వాళ్లు. దళిత కుటుంబాలు ఇంగ్లీషు కోరుకుంటాయి, కోరుకోవాలి కూడా. ఆ కోరిక న్యాయమైనది. కానీ ఇంటర్ దాకా తెలుగులో చదివిన విద్యార్థికి ఇంగ్లీషు నేర్పే ఏడాది ఇవ్వకుండా ఇంగ్లీషు ప్రశ్నపత్రం ఇస్తే, అది భాష నేర్పడం కాదు. గైడ్లు బట్టీపట్టించడం. ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి తర్వాత మొదటి రెండేళ్లు పీయూసీగా గడుస్తాయి. ప్రభుత్వ బడి పిల్లలకు ప్రవేశంలో అదనపు వెయిటేజీ ఉంటుంది. ఊరి బడి నుంచి వచ్చినవాళ్లను ముందు నిలబెట్టి, తర్వాత ఇంజనీరింగ్‌లోకి పంపాలన్న ఆలోచన అది. డిగ్రీ కాలేజీకి ఆ వంతెన లేదు. పన్నెండో ప్రణాళిక దాకా యూజీసీ నిధులతో ఎస్సీ ఎస్టీ విద్యార్థులకు నడిచిన రెమెడియల్ తరగతులు కూడా ప్రణాళికలు పోవడంతో సన్నగిల్లాయి.

న్యాక్ గ్రేడు ఏం కొలుస్తుంది

1994లో ఏర్పడిన న్యాక్ ఏడు అంశాల మీద సంస్థలకు గ్రేడు ఇస్తూ వచ్చింది. రిజర్వుడు సీట్లు ఎన్ని నిండాయి, మంజూరైన పోస్టుల్లో పూర్తికాలపు అధ్యాపకులెందరు, ఒక అధ్యాపకుడికి ఎందరు విద్యార్థులు అన్న కొలతలు అందులో ఉన్నాయి. అంటే అసలు ప్రశ్నలు కొలబద్దలో లేకపోలేదు. కాలేజీ గేటు మీద పెట్టే బోర్డులో కనిపించేది మాత్రం ఒక్క అక్షరం. చేరిన ఎస్సీ విద్యార్థుల్లో ఎందరు మూడేళ్లలో పాసై బయటికి వెళ్లారో ఆ అక్షరం చెప్పదు. మధ్యలో మానేసి చెన్నైకో, హైదరాబాద్‌కో కూలికి వెళ్లినవాడు ఏ గ్రేడులోనూ కనబడడు.

న్యూయార్క్ చూపిన దారి

1969లో న్యూయార్క్ సిటీ కాలేజీలో నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు క్యాంపస్‌ను ఆక్రమించి పోరాడారు. దాంతో 1970 నుంచి ఆ నగర విశ్వవిద్యాలయం హైస్కూలు పాసైన వాళ్లందరికీ తలుపులు తీసింది. ప్రమాణాలు కూలిపోయాయని అక్కడా గగ్గోలు లేచింది. 1976 ఆర్థిక సంక్షోభంలో, ఒక శతాబ్దానికి పైగా ఉచితంగా ఉన్న చదువుకు ఫీజు పెట్టారు.

అదే విశ్వవిద్యాలయం 2007లో పేద విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రతి విద్యార్థికీ తరచూ కలిసే సలహాదారు, అదనపు బోధన, పాఠ్యపుస్తకాలు, నగర రవాణా పాస్, స్కాలర్‌షిప్ చాలని చోట ఫీజు మాఫీ. లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేసి పరిశీలిస్తే, ఈ సాయం అందినవాళ్లలో మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు 40 శాతం. అందనివాళ్లలో 22 శాతం. రెండు గుంపుల విద్యార్థులూ ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. తలసరి ఖర్చు పెరిగినా, పట్టా చేతికొచ్చిన ఒక్కో విద్యార్థికి లెక్కేస్తే ఖర్చు తగ్గింది.

ఈ జాబితాలో మనకు అందనిదేమీ లేదు. కొత్తూరు, భామిని నుంచి శ్రీకాకుళానికి, సాలూరు, మక్కువ నుంచి పార్వతీపురానికి వచ్చే విద్యార్థికి బస్సు పాసూ, క్లాసు వేళకు బస్సూ, పుస్తకాలూ, పేరు పెట్టి పిలిచే ఒక మెంటరూ కావాలి.

మన కాలేజీని మనమే కొలుద్దాం

సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం విశ్వవిద్యాలయం, ప్రభుత్వ కాలేజీ 30 రోజుల్లో జవాబివ్వాలి. జిల్లా స్థాయి కార్యాలయాలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ప్రైవేటు అనుబంధ కాలేజీ సమాచారాన్ని దాన్ని గుర్తించిన విశ్వవిద్యాలయాన్నే అడగవచ్చు. విద్యార్థి సంఘాలు, అంబేద్కర్ సంఘాలు ఏటా అడగదగిన ప్రశ్నలివి:

1. విభాగాల వారీగా మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులర్‌గా నిండినవెన్ని, కాంట్రాక్టు, గెస్ట్ ఎందరు?
2. రోస్టర్ రిజిస్టర్ నకలు. ఎస్సీ గ్రూపులు, ఎస్టీ బ్యాక్‌లాగ్ పోస్టులు ఎప్పటి నుంచి ఖాళీ?
3. మూడేళ్ల కింద చేరిన బ్యాచ్‌లో వర్గాల వారీగా ఎందరు చేరారు, ఎందరు సకాలంలో పాసయ్యారు, ఎందరు మానేశారు?
4. ఏ గైడ్ దగ్గర ఎన్ని పీహెచ్‌డీ సీట్లు ఖాళీ? గత అయిదేళ్లలో ఎస్సీ, ఎస్టీ ప్రవేశాలెన్ని?
5. ఫీజు బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపిన కేసులెన్ని?
6. యూజీసీ 2012 సమానత్వ నిబంధనల కింద వివక్ష నిరోధక అధికారి ఎవరు, వచ్చిన ఫిర్యాదులెన్ని, తేల్చినవెన్ని?
7. లైబ్రరీ మీద, బ్రిడ్జి కోర్సుల మీద గత మూడేళ్లలో ఖర్చెంత?

చివరి ప్రశ్నకు ఇంకో చట్టం తోడవుతుంది. 2013 నాటి ఎస్సీ ఉపప్రణాళిక, గిరిజన ఉపప్రణాళిక చట్టం కాలపరిమితిని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ పద్దుల్లో స్కాలర్‌షిప్పులు, ఫీజులు చూపిస్తారు. విద్యార్థి తలకు లెక్కగట్టే ఆ డబ్బుతో పాటు, అదే పద్దు నుంచి ఎచ్చెర్ల, విజయనగరం, పార్వతీపురం కాలేజీల్లో రాత్రిపూట తెరిచే రీడింగ్ రూములకు, మొదటి ఏడాది ఇంగ్లీషు, గణితం బ్రిడ్జి తరగతులకు, హాస్టల్ ట్యూటర్లకు నిధులు అడగడం చట్టబద్ధమైన డిమాండే.

2020 జాతీయ విద్యా విధానం 2035 నాటికి ఉన్నత విద్యలో నమోదును 50 శాతానికి చేర్చాలంది. ఆ పెరిగేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటిదాకా బయట ఉన్నవాళ్లే, అంటే మనవాళ్లే. ఇప్పుడు పోస్టులు నింపకపోతే వాళ్లొచ్చేనాటికి తరగతి గదిలో మళ్లీ గెస్ట్ లెక్చరరే ఉంటాడు, గేటు బయట మళ్లీ అదే మాట వినిపిస్తుంది. రాబోయే ఏ నోటిఫికేషన్ అయినా విశ్వవిద్యాలయం యూనిట్‌గా, వర్గీకరణ రోస్టర్‌తో, బ్యాక్‌లాగ్ పోస్టులతో సహా రావాలి. ఏ కోర్టులోనూ ఆగకుండా ముందే సరిచూసి రావాలి. ‘నాణ్యత తగ్గింది’ అని ఎవరైనా అన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆ విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు?